సౌలు కవచం కాదు, దావీదు వడిసెల

సంగీత కళాశాలలో చేరగోరే పియానో విద్యార్థి ఏ రచనలు ఎంచుకోవాలి?



మన సంఘాల్లో హార్మోనియం పెట్టె స్థానంలోకి కీబోర్డు వచ్చి చాలా కాలమైంది. రేకుల షెడ్డులో జరిగే ఆరాధన అయినా సరే, ఒక మూల స్టాండు మీద కీబోర్డు, దాని పక్కన స్పీకరు పెట్టె కనిపిస్తున్నాయి. దాని వెనుక పదిహేను పదహారేళ్ల అబ్బాయో అమ్మాయో నిలబడి, ఎవరూ నేర్పకుండానే, చెవితో విన్నది చేతితో పలికిస్తుంటారు. సంఘమంతా మెచ్చుకుంటుంది. కాపరిగారు ప్రార్థన చేసి దీవిస్తారు. ఇంటర్మీడియట్ పూర్తయ్యాక ఆ పిల్లల్లో ఒకరిద్దరు ఇంట్లో ఒక మాట అంటారు. "నాన్నా, నేను సంగీతమే చదువుకుంటాను."

ఆ మాటతో ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. ఎక్కడ చదవాలి? సీటు ఎలా వస్తుంది? చదివితే అన్నం పెడుతుందా? నేను హైదరాబాదులో సంఘ ఆరాధనలో ఆర్గన్ వాయిస్తూ, పిల్లలకు పియానో నేర్పుతున్నవాడిని గనుక తలిదండ్రులు ఈ ప్రశ్నలతో నా దగ్గరకు వస్తుంటారు. అన్నిటికీ నా దగ్గర జవాబు లేదు. కాని ఒక ప్రశ్నకు మాత్రం నేను దెబ్బ తిని జవాబు నేర్చుకున్నాను. ప్రవేశ పరీక్షలో ఏమి వాయించాలి అన్నదే ఆ ప్రశ్న.

తప్పు ఎక్కడ జరిగింది?

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి మాదాపూర్ చుట్టుప్రక్కల బండరాళ్లూ పొదలే ఎక్కువ. ఈనాడు అక్కడ అద్దాల మేడల మధ్య మెట్రో రైలు నడుస్తోంది. ఆ మేడల్లో పనిచేసే వేలాది మంది మన పల్లెల బిడ్డలే. ఆదివారం ఉదయం అక్కడి ఆరాధనలకు వెళితే గోదావరి యాస, గుంటూరు యాస, ఖమ్మం యాస, పాలమూరు యాస ఒకే బల్ల మీద వినిపిస్తాయి.

అలా కోనసీమ వైపు నుండి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక సహోదరి, కొన్నేళ్ల క్రిందట తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. తండ్రి కౌలు రైతు. పిల్లవాడు తమ ఊరి సంఘంలో ఏడేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాడు. అక్క కొండాపూర్‌లో రెండు గదుల ఇల్లు తీసుకుని, తన పెళ్లికని దాచుకున్న సొమ్ములో కొంత తీసి ఒక డిజిటల్ పియానో కొన్నది. "మాస్టారు గారూ, వీడికి దేవుడు తలాంతు ఇచ్చాడు. కాలేజీలో చేర్పించే పూచీ మీది" అన్నది.

పిల్లవాడు మొదటి రోజునే షోపేన్ రచించిన ఒక ఎట్యూడ్ పేరు చెప్పాడు. అది పదవ సంపుటిలోని పన్నెండవది. దానిని అందరూ 'రెవల్యూషనరీ' అని పిలుస్తారు. ఎడమ చేయి తుపానులా పరుగెత్తాలి. ఫోనులో ఎవరో వాయిస్తుంటే చూసి, కీల మీద వేళ్లు ఎక్కడ పడుతున్నాయో గుర్తుపెట్టుకుని, మొదటి పేజీ నేర్చేసుకున్నాడు. నేను వద్దనవలసింది. అనలేదు. నిజం చెప్పాలంటే, నా శిష్యుడు అంత పెద్ద రచన వాయిస్తున్నాడంటే నాకూ పేరు వస్తుందని లోపల ఒక ఆశ. ఎనిమిది నెలలు దాని మీదనే గడిపాము. బాక్ రచనకు చివరి మూడు వారాలు మిగిలాయి.

వేరొక నగరంలో ఒక కళాశాల వారి పరీక్ష. ముగ్గురు కూర్చున్నారు. అబ్బాయి ఎట్యూడ్ మొదలుపెట్టాడు. అర నిమిషం దాటక ముందే ఎడమ చేయి బిగుసుకుపోయింది. ఆగాడు. మళ్లీ మొదటి నుండి అందుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగాడు. వారిలో ఒకరు శాంతంగా, "రెండవ పేజీ మొదటి నుండి వాయించు బాబూ" అన్నారు. వాడు కాగితం చూసి నేర్చుకోలేదు. వేళ్ల అలవాటు కొద్దీ నేర్చుకున్నాడు. మధ్య నుండి ఎత్తుకోవడం చేతకాలేదు. బాక్ ప్రెల్యూడ్ తడబడుతూ పూర్తిచేశాడు. ఫ్యూగ్ అడిగితే సిద్ధంగా లేదన్నాడు.

సీటు రాలేదు. ఆ సాయంత్రం అక్క ఫోను చేసి, "మాస్టారు గారూ, వీడికి రాదంటారా?" అని అడిగింది. ఆమె కంఠం నాకు ఇప్పటికీ గుర్తే. "వాడికి రాకపోవడం కాదమ్మా, నాకు ఎంచడం రాలేదు" అన్నాను.

ఏలా లోయలో జరిగినది

ఆ రాత్రి సమూయేలు మొదటి గ్రంథము పదిహేడవ అధ్యాయము చదువుకున్నాను. చిన్నప్పటి నుండి ఆదివారపు బడిలో విన్న కథే. గొల్యాతు మీదికి వెళుతున్న దావీదుకు సౌలు రాజు తన కవచము తొడిగి, తన శిరస్త్రాణము పెట్టి, కత్తి ఇచ్చాడు. సౌలు చెడు తలంపుతో చేయలేదు. రాజ్యంలో ఉన్నవాటిలో మంచి కవచమే ఇచ్చి ఉంటాడు. అయితే దావీదు వాటితో నడవబోయి, ఇవి నాకు వాడుక లేదని తీసివేశాడు. తన చేతికి అలవాటైన కర్రనూ వడిసెలనూ పట్టుకుని, ఏటి ఒడ్డున అయిదు నున్నని రాళ్లు ఏరుకున్నాడు.

అందులో ఒక సంగతి గమనించండి. దావీదు తేలిక దారి వెతుక్కోలేదు. గొల్యాతు ఎదుటికే వెళ్లాడు. కాని వాడుక లేని ఆయుధముతో వెళ్లలేదు. ఏరుకున్న రాళ్లు కూడా దొరికినవి దొరికినట్లు తీసినవి కావు. నున్ననివి చూసి ఏరినవి. పరీక్షకు రచనలు ఎంచుకోవడం అంటే ఇదే. గొప్పవారి కవచం తొడుక్కోవడం కాదు, మన చేతికి వాడుకైన రాళ్లను జాగ్రత్తగా ఏరుకోవడం.

పరీక్షించేవారు ఏమి వింటారు?

చాలామంది అనుకున్నట్లు, ఎవరు వేగంగా వాయిస్తే వారికి సీటు రాదు. ఎదుట కూర్చునేవారు ఆ రచనలన్నీ వందలసార్లు విన్నవారు. ఈ బిడ్డకు మూడు నాలుగేళ్లు నేర్పితే ఎదుగుతాడా అన్నదే వారు చూస్తారు. అందుకే నాలుగు సంగతులు వింటారు. తాళం నిలుస్తున్నదా? శబ్దాన్ని పెంచి తగ్గించడం తెలుసా? కాగితం మీద ఉన్నది చదివి వాయిస్తున్నాడా? తాను వాయించేది తాను వింటున్నాడా? కష్టమైన రచన తడబడుతూ వాయిస్తే ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా వారికి తెలియదు. కొంచెం తేలికైన రచన నిండుగా వాయిస్తే నాలుగూ తెలుస్తాయి.

సమయం కూడా తక్కువే. పది పదిహేను నిమిషాలకు మించి దొరకడం అరుదు. వాయిస్తుండగా మధ్యలో ఆపుతారు. అది కోపం కాదు, తెలియవలసినది తెలిసిందని అర్థం. ఎన్నడూ చూడని కాగితం ఎదుట పెట్టి వాయించమంటారు. స్కేళ్లు అడుగుతారు. పలికించిన స్వరాన్ని గుర్తుపట్టమంటారు. కళాశాలను బట్టి నియమాలు మారుతాయి. కొన్నిచోట్ల కాగితం చూడకుండానే వాయించాలి. కాబట్టి మీరు చేరదలచిన కళాశాల ఆ సంవత్సరం ప్రకటించిన నియమాలు ముందుగా తెప్పించుకుని, అక్షరం విడువక చదవండి. పాత కాగితాన్ని గాని, ఎవరో చెప్పిన మాటను గాని నమ్మవద్దు.

నాలుగు రాళ్లు

పాశ్చాత్య సంగీత కళాశాలలు సాధారణంగా వేర్వేరు కాలాలకు చెందిన మూడు నాలుగు రచనలు అడుగుతాయి. దీనికి కారణమున్నది. ఒక్కొక్క కాలపు సంగీతం ఒక్కొక్క గుణాన్ని బయటపెడుతుంది.

మొదటిది బాక్. యోహాన్ సెబాస్టియన్ బాక్ (1685–1750) లూథరన్ సంఘ సేవకుడు. 1723 నుండి మరణించే వరకు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో పరిశుద్ధ తోమా దేవాలయపు సంగీత బాధ్యత వహించాడు. సంఘం కోసం వ్రాసిన అనేక సంగీత ప్రతుల చివర, మహిమ దేవునికే అన్న అర్థంలో మూడు లాటిన్ అక్షరాలు వ్రాసుకునేవాడు. 1722లో ఆయన కూర్చిన 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగంలో ఇరవై నాలుగు ప్రెల్యూడ్‌లు, ఇరవై నాలుగు ఫ్యూగ్‌లు ఉన్నాయి. పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ స్కేళ్లలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క జత. ఫ్యూగ్ అంటే భయపడనక్కరలేదు. ఒక కంఠం ఒక వరుస మొదలుపెడుతుంది. రెండవ కంఠం అదే వరుస అందుకుంటుంది. తరువాత మూడవది. మన క్వయిర్‌లో సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ ఒకరి తరువాత ఒకరు అందుకున్నట్లే. రెండు చేతులతో మూడు కంఠాలు విడివిడిగా వినిపించాలి. మొదటి భాగంలోని రెండవ జత, సి మైనర్‌లో ఉన్నది, ఈ దశలో ఉన్న చాలామందికి సరిపోతుంది. దాని ఫ్యూగ్‌లో మూడు కంఠాలే. ఇది కూడా బరువైతే, బాక్ తన విద్యార్థుల కోసం వ్రాసిన పదిహేను ఇన్వెన్షన్లతో ఒక ఏడాది గడిపి రండి. వాటిలో రెండే కంఠాలు. ఆ ఏడాది వృథా కాదు.

రెండవది సొనాటా. హేడెన్, మోజార్ట్, బీథోవెన్ ఈ ముగ్గురిలో ఒకరిది. హేడెన్ (1732–1809) బండి చక్రాలు చేసే పల్లెటూరి వడ్రంగి కుమారుడు. చిన్నతనంలోనే వియన్నాలోని పరిశుద్ధ స్తెఫను దేవాలయపు క్వయిర్‌లో పాడడానికి వెళ్లాడు. ఆయన సొనాటాలు యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో ఈ మైనర్‌లో ఉన్న ఒక సొనాటా విద్యార్థులకు చక్కగా అమరుతుంది. ఈ ముగ్గురి సంగీతం వెలుగులాంటిది. ఒక్క స్వరం తప్పినా కనబడుతుంది. పెడల్ తొక్కి దాచడానికి వీలుండదు. కనుక నిజాయితీని పరీక్షిస్తుంది. ఒక హెచ్చరిక. బీథోవెన్ నలభై తొమ్మిదవ సంపుటిలో రెండు చిన్న సొనాటాలు ఉన్నాయి. చాలామంది గురువులు వాటితోనే మొదలుపెడతారు. అయితే కొన్ని కళాశాలలు వాటిని ప్రవేశ పరీక్షకు అంగీకరించవు. నియమాల్లో చూసుకోండి.

మూడవది పందొమ్మిదవ శతాబ్దపు రచన. షోపేన్, షూమన్, మెండెల్సన్ వంటివారిది. పియానో మీద పాట పాడించగలడా లేదా అన్నది ఇక్కడ తెలుస్తుంది. షోపేన్ ఎట్యూడ్‌లు ఈ వరుసలో అందరినీ ఆకర్షిస్తాయి. పదవ సంపుటిలో పన్నెండు, ఇరవై అయిదవ సంపుటిలో పన్నెండు. అవి ఎదిగిన చేతుల కోసం వ్రాసినవి. కళాశాల ఎట్యూడ్ తప్పనిసరి అంటే తప్ప, మొదటి పరీక్షకు వాటి జోలికి పోకండి. షోపేన్‌దే ఒక నాక్టర్న్ గాని, మెండెల్సన్ 'మాటలు లేని పాటలు' నుండి ఒకటి గాని చాలు. ఈ పేరుతో ఆయన రచనలు ఎనిమిది సంపుటాలుగా ఉన్నాయి, ఒక్కొక్కదానిలో ఆరు పాటలు. మెండెల్సన్ మనకు క్రొత్తవాడు కాడు. మన సంఘాలు క్రిస్మస్‌కు పాడే దూతల పాట రాగం ఆయన 1840లో వ్రాసిన సంగీతం నుండి వచ్చినదే.

నాలుగవది ఇరవయ్యవ శతాబ్దపు రచన. ఇక్కడ చాలామంది వింతగా వినిపించేదేదో ఒకటి ఏరుకుని చేతులు కాల్చుకుంటారు. హంగరీ దేశస్థుడైన బార్టోక్ పల్లెపల్లెకూ తిరిగి, రైతుల పాటలను యంత్రంలో రికార్డు చేసి, వాటిని పియానోకు కూర్చాడు. 1915లో ఆయన వ్రాసిన 'రుమేనియన్ జానపద నృత్యాలు' ఆరు చిన్న ముక్కలు. కోలాటం, డప్పు విని పెరిగిన మన పిల్లలకు వాటి తాళం త్వరగా పట్టుబడుతుందని నా అనుభవం.

ఈ నాలుగింటిని ఒక తట్టలో పెట్టి చూడండి. ఒకటి వేగమైతే ఒకటి నెమ్మది కావాలి. ఒకటి గంభీరమైతే ఒకటి ఉల్లాసం కావాలి. నాలుగూ మైనర్‌లో ఉంటే వినేవారికి బరువు. మొదట ఏది వాయిస్తావని అడిగితే, నిద్రలో లేపినా వాయించగలిగినది చెప్పాలి. గొప్పది రెండవ స్థానంలో ఉండవచ్చు.

మన కీబోర్డు అలవాట్లు

పల్లెలో కీబోర్డు వాయించే బిడ్డకు రెండు వరాలున్నాయి. ఒకటి, చెవి. పాడేవారు ఎక్కడ ఎత్తుకున్నా వెంటనే అందుకోగలడు. రెండు, జనం ఎదుట వాయించే ధైర్యం. నగరంలో పాఠాలు నేర్చుకునే పిల్లల్లో చాలామందికి ఈ రెండూ ఉండవు. అందుచేత మన పిల్లలు సిగ్గుపడవలసిన పని లేదు.

అయితే విడువవలసిన అలవాట్లు కూడా ఉన్నాయి. మొదటిది ట్రాన్స్‌పోజ్ బటన్. పాట ఏ శ్రుతిలో ఉన్నా బటన్ నొక్కి, వేళ్లు మాత్రం సి మేజర్‌లోనే నడిపించడం మన వాళ్లకు అలవాటు. పియానోకు ఆ బటన్ లేదు. బాక్ ఇరవై నాలుగు స్కేళ్లలో వ్రాశాడంటే ఇరవై నాలుగింటిలోనూ వేళ్లు నడవాలి. ఈ రోజే ఆ బటన్ మానేయండి. వారానికొక కీర్తన క్రొత్త శ్రుతిలో వాయించండి. ఏడాదికి స్కేళ్లన్నీ వస్తాయి.

రెండవది, దానంతట అదే మోగే తాళం. యంత్రం తాళం వేస్తుంటే మన లోపలి తాళం నిద్రపోతుంది. మూడవది, కీల బరువు. మన సంఘాల్లోని కీబోర్డులకు సాధారణంగా అరవై ఒక్క కీలు ఉంటాయి. నొక్కితే దూదిలా దిగుతాయి. పియానోకు ఎనభై ఎనిమిది కీలు. ఒక్కొక్క కీ వెనుక ఒక సుత్తి లేచి తీగను కొడుతుంది. మెత్తగా నొక్కితే మెత్తగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. కీబోర్డు మీద సాధన చేసి నేరుగా పియానో ముందు కూర్చుంటే, ఎడ్లబండి తోలినవాణ్ణి లారీ ఎక్కించినట్లుంటుంది. పియానో కొనే శక్తి అందరికీ ఉండదు. బరువు కీలున్న డిజిటల్ పియానో కొంతవరకు పనికి వస్తుంది. కాని పరీక్షకు ముందు కొన్ని వారాలైనా నిజమైన పియానో మీద వాయించాలి. పట్టణంలోని పాత సంఘాల్లో, మిషన్ పాఠశాలల్లో పియానో ఉంటే, కాపరిగారి ద్వారా వినయంగా అడగండి.

చేతుల సంగతి కూడా చెప్పాలి. షూమన్ యవ్వనంలో కుడిచేతి వేలు దెబ్బతిని, పియానో వాద్యకారుడు కావాలన్న ఆశ విడువవలసి వచ్చింది. తరువాత ఆయన రచనలు చేసి పేరు పొందాడు, కాని ఆ వేలు తిరిగి రాలేదు. నొప్పి వచ్చినప్పుడు ఆపకుండా వాయించడం భక్తి కాదు, మూర్ఖత్వం. చిన్న చేతులున్న అమ్మాయిలకు పెద్ద పెద్ద ఎడం ఉన్న రచనలు ఇవ్వవద్దు. బాక్, హేడెన్, మోజార్ట్ రచనల్లో అంత సాగదీత అరుదు.

ఎవరి స్థాయి ఎంత?

"మా వాడి స్థాయి మాకెలా తెలుస్తుంది?" అని తలిదండ్రులు అడుగుతారు. దీనికి అందుబాటులో ఉన్న కొలబద్ద గ్రేడు పరీక్షలు. వీటిలో ట్రినిటీ కాలేజీ వారివి ఒకటి. 1872లో లండన్‌లో హెన్రీ జార్జ్ బొనావియా హంట్ అనే సంఘ సేవకుడు, సంఘాల్లో సంగీతం బాగుపడాలన్న ఉద్దేశంతో ప్రారంభించిన సంస్థ అది. 1877 నుండి బయటి విద్యార్థులకు పరీక్షలు పెడుతోంది. ఎ.బి.ఆర్.ఎస్.ఎం. అనే మరొక సంస్థ 1889లో మొదలైంది. హైదరాబాదులో కూడా పిల్లలు ఈ పరీక్షలు వ్రాస్తున్నారు. ఒకటి నుండి ఎనిమిది వరకు గ్రేడులుంటాయి. డిగ్రీ స్థాయి కోర్సులకు చాలాచోట్ల ఎనిమిదవ గ్రేడుకు తగ్గని సామర్థ్యం ఎదురుచూస్తారు. కొన్ని కళాశాలల్లో దానికి ముందు పునాది కోర్సులు ఉంటాయి.

పరీక్ష కట్టకపోయినా వారి పాఠ్యప్రణాళిక చూడండి. ఏ గ్రేడుకు ఏ రచనలో అందులో ఉంటాయి. మీ బిడ్డ అయిదవ గ్రేడు రచన నిండుగా వాయించలేకుండా ఎనిమిదవ గ్రేడును మించిన రచన పట్టుకున్నాడంటే, అది సౌలు కవచమే. పాత రచయితల సంగీత ప్రతులు కొనవలసిన పని కూడా లేదు. 2006 నుండి ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్నది.

ఇక సమయం. పరీక్షకు ఏడాది ముందే నాలుగు రచనలు తేల్చుకోవాలి. ఆరు నెలల ముందు నాటికి చూడకుండా వాయించగలగాలి. చివరి మూడు నెలలు మనుషుల ఎదుట వాయించడానికే. ఆరాధనకు ముందు జనం కూర్చునే వేళ, కానుకలు పట్టే వేళ కాపరిగారి అనుమతితో ఆ నెమ్మది రచన వాయించండి. ఏ పేజీ నుండి అడిగినా ఎత్తుకునేలా, ప్రతి పేజీ మొదటి నుండి వాయించడం అలవాటు చేసుకోండి. చివరి నెలలో ఒక్క క్రొత్త రచన కూడా ముట్టుకోవద్దు.

తలిదండ్రులకు ఒక మాట

ప్రభువు గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూసుకొనవలెనని చెప్పాడు. ఈ చదువు విషయంలో కూడా లెక్క చూసుకోండి. సంగీతం చదివినవారందరూ సినిమాల్లోకి పోరు. ఎక్కువమంది పాఠశాలల్లో, ఇళ్లలో నేర్పుకుంటూ, రికార్డింగుల్లో వాయించుకుంటూ బ్రతుకుతారు. రాబడి నెలనెలా ఒకేలా ఉండదు. హైటెక్ సిటీ ప్రాంతంలో పియానో నేర్పేవారికి పని దొరుకుతున్నదంటే, అక్కడి ఉద్యోగస్థులు తమ పిల్లలకు నేర్పించుకోవడం వల్లనే. ఉద్యోగం చేసుకుంటూ సంగీతాన్ని సంఘానికి అంకితం చేసేవారు కూడా ఉన్నారు. అది తక్కువ పిలుపు కాదు.

అయితే పల్లెటూరి బిడ్డకు ఇది అందని ద్రాక్ష అనుకోకండి. ఇళయరాజా గారు తమిళనాడులోని పన్నైపురం అనే పల్లెలో పుట్టి, చెన్నైలో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవారే. ఆ మాస్టారి దగ్గరే నేర్చుకున్న ఎ.ఆర్. రెహమాన్ గారు 2008లో చెన్నైలో కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ స్థాపించారు. ఈనాడు పాశ్చాత్య సంగీతం చదవడానికి సముద్రం దాటనక్కరలేదు. ఇక యవ్వనస్థుడైన బాక్ 1705లో ఒక గొప్ప ఆర్గన్ వాద్యకారుణ్ణి వినడానికి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు నడిచి వెళ్లాడు. మన పిల్లలకు రైలైనా ఉన్నది.

సంఘాలకు కూడా ఒక మనవి. దావీదు కాలంలో దేవుని మందిరపు సేవ కొరకు గానమందు ప్రవీణులైనవారు రెండువందల ఎనభై ఎనిమిది మంది ఉన్నారని దినవృత్తాంతముల మొదటి గ్రంథము ఇరవై అయిదవ అధ్యాయము చెబుతుంది. వారు నేర్పబడినవారు, ఊరకే వచ్చినవారు కారు. మన కీబోర్డు బిడ్డ నేర్చుకోవాలంటే, సంఘం వాడి చేత ప్రతి ఆదివారం వాయించుకోవడమే గాక, ఏడాదికొకసారైనా వాడి ఫీజుకు ఒక కానుక పట్టాలి.

మళ్లీ ఏటి ఒడ్డున

ఆ కోనసీమ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఫలితం వచ్చిన నెలకు వాణ్ణి పిలిచి, "ఈసారి రాళ్లు నువ్వే ఏరుకో నాయనా" అన్నాను. ఎట్యూడ్ కాగితం వాడే మడిచి పక్కన పెట్టాడు. బాక్ సి మైనర్ జత, హేడెన్ ఈ మైనర్ సొనాటా, మెండెల్సన్ పాట ఒకటి, బార్టోక్ నృత్యాలు ఎంచుకున్నాడు. మొదటి మూడు నెలలు కాగితం చదవడమే నేర్చుకున్నాడు. ఆ మూడు నెలలూ వాడికి చిన్నతనంగా ఉండేది. పక్క పోర్షన్‌లోని తొమ్మిదేళ్ల పాప వాడికంటే వేగంగా చదివేది. అక్క రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి తెల్లవారేది. వాడు హెడ్‌ఫోను పెట్టుకుని స్కేళ్లు వాయిస్తూ ఉండేవాడు.

మరుసటి ఏడు వేరే కళాశాల వారు వాణ్ణి హేడెన్ మధ్యలో ఆపి, మూడవ పేజీ నుండి అడిగారట. ఎత్తుకున్నాడు. డిగ్రీ కోర్సులో కాదు గాని, పునాది కోర్సులో చేర్చుకున్నారు. అక్క మరల ఫోను చేసింది. ఈసారి ప్రశ్న ఏమీ అడగలేదు. ఇద్దరం ఫోనులోనే ప్రార్థన చేసుకున్నాము.

ఆ క్రిస్మస్‌కు నేను వాళ్ల ఊరు వెళ్లాను. అదే అరవై ఒక్క కీల కీబోర్డు. స్త్రీల సమాజం వారు పాట ఎత్తుకున్నారు. ఎవరూ చూసుకోలేదు గాని, పాట చాలా ఎత్తున పడింది. వాడి చేయి అలవాటు కొద్దీ బటన్ వైపు వెళ్లింది. ఆగింది. నల్ల కీల మీదికి జరిగి, వారు ఎక్కడ పాడుతున్నారో అక్కడే అందుకున్నాడు. వెనుక వరుసలో కూర్చున్న వాళ్ల నాన్నకు అదేమిటో తెలియదు. పాట బాగున్నదని మాత్రం తల ఊపాడు.

మీ ఇంట్లో అటువంటి బిడ్డ ఉంటే, ఏది గొప్పదని అడగకండి. ఏది వాడుకైనదని అడగండి. దేవుడు ఆ చేతులను దీవించును గాక.